పాటకు ప్రాపు

కళ్లమున ధాన్యము కొలుచునపుడు చేతిపనివారికి మేర యిచ్చుట మన రైతుల పూర్వాచారము. రాజస్థానపు టెడారియందు లంగా, మాంగణియార్ గాయకులును ఇట్లే తరతరములుగా యజమానుల యిండ్ల శుభకార్యములకు పాడి, ధాన్యమును, పశువులను పొంది జీవించుచుండిరి. ఆ యాదరణ సన్నగిల్లుచుండగా వారికి బాసటయైనవాడు కోమల్ కోఠారి (1929-2004). ఆయన 1960లో బోరుందా గ్రామమున విజయదాన్ దేథాతో కూడి రూపాయన్ సంస్థాన్ అను సంస్థను నెలకొల్పి, ఊరూర తిరిగి పాటలను ధ్వనిముద్రణ చేసి భద్రపరచెను. గాయకులను దేశవిదేశముల సభల కెక్కించెను. సజ్జ, జొన్న, మొక్కజొన్న పండు సీమలనుబట్టి జానపదుల జీవితమును పరిశీలించెను.

గాయకుని యింట గింజ యున్ననే ఊరిలో పాట నిలుచును. సోదర రైతులారా! మన బుర్రకథ, ఒగ్గుకథ కళాకారులను పండుగలకు పిలిచి, ముందుగా నిశ్చయించిన పారితోషికమును తప్పక చెల్లింపవలసినదిగా మిమ్ము కోరుచున్నాము.