ఊరి నోట పద్యము

పద్యము గ్రంథములయందే నివసించునని పలువురు తలంతురు. గ్రంథము తెరచువారు లేనిచోట పద్యమునకు తావు లేదని వారి భావము. కాని తెలుగు పల్లెల చరిత్ర వేరొక మాట చెప్పుచున్నది. అచ్చుయంత్రము రాకపూర్వమును, అక్షరము నేర్వని యిండ్లలోను, పద్యము జనుల నాలుకలపై జీవించినది.

ఖమ్మము నుండి మధిరకు పోవు రైలుమార్గమున బోనకల్లు అను గ్రామము కలదు. ఆ సీమకు కవిత్వము క్రొత్త కాదు. ఆ జిల్లాలోనిదే యైన నేలకొండపల్లి కంచర్ల గోపన్న జన్మస్థానము. ఆయన 17వ శతాబ్దమున పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా నుండి, భద్రాచలమున రామాలయము కట్టించి, ఆ కారణమున గోలకొండ చెరసాలలో మగ్గెను. జనులు ఆయనను భక్త రామదాసని పిలిచిరి. ఆయన రచించిన కీర్తనలును, దాశరథీ శతకమును చదువు రానివారికి సయితము కంఠస్థములైనవి. ఇది యెట్లు సాధ్యమైనది?

శతకమున ప్రతి పద్యము చివరను ఒకే మకుటముండును. ఒకరు పద్యమెత్తుకొనగా, వినువారు మకుటము కొరకు వేచి, అది రాగానే గొంతు కలుపుదురు. నేడు మకుటము మాత్రమే వచ్చినవానికి నాలుగు దినములలో పద్యమంతయు వచ్చును. ఉత్పలమాల పాదమున 20 అక్షరములుండును. మొదటి అక్షరమునకు 10వ అక్షరముతో యతిమైత్రి కుదురవలెను. నాలుగు పాదములందును రెండవ అక్షరము ఒకే హల్లు కావలెను. దీనిని ప్రాస యందురు. ఈ నియమములు పరీక్షల కొరకు కల్పించిన చిక్కులని విద్యార్థులకు తోచవచ్చును. నిజమునకు ఇవి జ్ఞాపకమునకు కట్టిన మెట్లు. మాట మరచినచో ప్రాస దానిని వెదకి యిచ్చును. తప్పు పలికినచో యతి పట్టి చూపును. కీర్తనలోని పల్లవియు, బతుకమ్మ చుట్టు తిరుగుచు ఒకరు పాడగా పదుగురు అందుకొను పదమును చేయుపని యిదియే.

ఇంత సంపద యున్నను, లెక్కలోనికి రానిది లేనట్లే యగును. నిజాము పాలనలో ఖమ్మము వరంగల్లు జిల్లాలోని భాగము. కచేరీలలో ఉర్దూ రాజ్యమేలెను. 1918లో నెలకొల్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలోనే సాగెను. తెలుగు బడులు అరుదు. ఆ దినములలో నిజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరను మాట యొకటి వెలువడెను. అది తెలంగాణ ప్రజల మనస్సును గాయపరచెను. తన యింటి భాషలో తనవారెవ్వరును ఒక్క పద్యమైన వ్రాయలేదని విన్న బాలుడు ఆ భాషను ఏ మొగముతో నేర్చును?

1926లో గోలకొండ పత్రికను ప్రారంభించిన సురవరం ప్రతాపరెడ్డి ఆ మాటకు కోపముతో బదులు పలుకలేదు. రాష్ట్రము నలుమూలల నుండి పద్యములు సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించెను. అందు 354 మంది కవులు కలరు. ఇక వాదమునకు తావు లేకపోయెను. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, తెలుగు పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. ఒకరు ఊళ్ల కవిత్వమును పుస్తకమునకు తెచ్చిరి. మరియొకరు పుస్తకమును ఊళ్లకు తెచ్చిరి. ఈ రెండును కావలసిన పనులే.

ఈ శ్రమ ఫలించెను. 1925లో చిన్నగూడూరున జన్మించి, ఖమ్మమున ఉన్నత పాఠశాలలో చదివిన దాశరథి కృష్ణమాచార్యులు నిజాము నెదిరించి నిజామాబాదు చెరలో నుండెను. కాగితము లేనిచోట బొగ్గుతో గోడపై పద్యములు వ్రాసెను. ఆయన అగ్నిధార 1949లో వెలువడెను. రామదాసు చెరకును, దాశరథి చెరకును నడుమ సుమారు మూడు శతాబ్దములు గడచినవి. రెండు చోట్లను చెర మనిషిని బంధించెను గాని పద్యమును బంధింపలేకపోయెను.

బోనకల్లు వంటి గ్రామమున కవిత్వమును పెంపొందించుటకు గొప్ప ధనము అక్కరలేదు. నెలకొక సాయంకాలము, పాఠశాల ఆవరణము, ఒక నోటుపుస్తకము చాలును. నాట్లు వేయునపుడు, పెండ్లియిండ్లలో, బతుకమ్మ దినములలో వృద్ధులు పాడెడి పాటలను పిల్లలు వ్రాసికొనవలెను. పాడినవారి పేరు, ఊరు, పాడు సందర్భము దానిప్రక్క గుర్తింపవలెను. నేడు ఫోనులో గొంతును సయితము నిలుపవచ్చును. కాని పాడినవారి యనుమతి ముందుగా అడుగుట మర్యాద. పిదప సమస్యాపూరణము సాగవలెను. ఒకరు పద్యపాదమొకటి యీయగా, తక్కినవారు దానికి పొసగునట్లు మిగిలిన పాదములు కూర్తురు. ఛందస్సు రానివారు పాట కట్టవచ్చును, వచనకవిత వ్రాయవచ్చును. తప్పు దొరలినచో నవ్వక సవరించుట సభవారి ధర్మము. నవ్వులపాలైన బాలుడు రెండవ పద్యము వ్రాయడు.

అట్టి సభలో అందరును కవులు కానక్కరలేదు. మంచి పద్యము విని, ఇంటికి పోయి తల్లికి వినిపించు బాలుడును ఆ పద్యమునకు ఆయువు పోసినవాడే. ఈ ఊరిలో కవులెవరని రేపెవ్వరైన అడిగినచో, ఆ నోటుపుస్తకమును వారి చేతికీయవచ్చును. 1934లో ప్రతాపరెడ్డి చేసినదియు అదియే.