గడ్డినుండి ఇంధనము తీయు నమూనా కర్మాగారమునకు యంత్రములను సమకూర్చుట

వరిగడ్డినుండియు, మొక్కజొన్న చొప్పనుండియు, చెరకుపిప్పినుండియు మోటారు బండ్లకు పనికివచ్చు ఇథనాలును తీయవచ్చునని మన సభ్యులలో పెక్కుమంది వినియేయుందురు. హర్యానా రాష్ట్రములోని పానిపట్టున ఏటికి 2 లక్షల టన్నుల వరిగడ్డిని తీసికొని 3 కోట్ల లీటర్ల ఇథనాలును చేయుటకై నిర్మించిన కర్మాగారము 2022వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీని జాతికి అంకితము చేయబడినది. ఇట్టి పెద్ద కర్మాగారములను గూర్చి వార్తాపత్రికలు వ్రాయుచునేయున్నవి. కాని వాటికి ముందు పుట్టవలసిన చిన్నదానిని గూర్చి, అనగా ప్రయోగశాలకును పెద్ద మిల్లునకును నడుమనుండు నమూనా కర్మాగారమును గూర్చి వ్రాయువారు అరుదు. దీనినే పైలట్ ప్లాంటు అందురు. దానికి కావలసిన యంత్రములు అంగడిలో దొరకవు, చెప్పి చేయించుకొనవలసినవే. ఆ చేయించుకొనుట ఎట్లో, అందు పొరపాటు ఎక్కడ దూరునో, ఆ పొరపాటునకు కడపట రైతు ఏల నష్టపడునో ఇచ్చట వివరింపదలచినాము.

అమెరికాలోని అయోవా రాష్ట్రమున జరిగినదానిని ముందు చెప్పుట మేలు. అచ్చట ఎమ్మెట్స్‌బర్గు అను ఊర 2014 సెప్టెంబరులో ఏటికి 2 కోట్ల గ్యాలనుల ఇథనాలును మొక్కజొన్న చొప్పనుండి తీయుటకు ఒక కర్మాగారము తెరువబడినది. మరుసటి సంవత్సరము అక్టోబరులో నెవాడా అను మరియొక ఊర డ్యూపాంట్ కంపెనీవారు 3 కోట్ల గ్యాలనులదానిని తెరచిరి. చుట్టుపట్ల 30 మైళ్లలోనున్న సుమారు 500 మంది రైతులనుండి ఏటికి 3,75,000 టన్నుల చొప్పను తీసికొనవలెనని వారి సంకల్పము. రెండు సంవత్సరములు దాటునప్పటికి, 2017 నవంబరులో, డ్యూపాంట్‌వారు ఈ వ్యాపారమునుండి తొలగుచున్నామని ప్రకటించిరి. 2018లో దానిని కొన్న జర్మను కంపెనీవారు ఇథనాలును విడిచి చొప్పనుండి గ్యాసును తీయుటకు దానిని మార్చిరి. ఎమ్మెట్స్‌బర్గులోనిది కూడ 2019 చివరకు నిలుపుదల ప్రకటించినది. ఇందులకు పెట్రోలు ధరలు, ప్రభుత్వ విధానములు, కంపెనీల కలయికలు మున్నగు కారణములు పెక్కు గలవు. ఒక్క యంత్రముమీదనే నేరము మోపుట న్యాయము కాదు. అయినను, గడ్డిని ఉడికించు తొలి అంకమే చాలకాలము తమకు అడ్డుగా నిలిచినదని ఎమ్మెట్స్‌బర్గు సంస్థవారే చెప్పియున్నారు. కట్టలు కట్టి, తోలి, పేర్చియుంచిన రైతునకు ఆ అడ్డు ఎచ్చటిదైననేమి? కొనువాడు లేకపోయెను.

ఆ తొలి అంకమేదో తెలిసిననే మిగిలినది బోధపడును. గడ్డిలోని చక్కెర పీచులో బంధింపబడియుండును. దానిని విడిపించుటకు గడ్డిని తునుకలు చేసి, పలుచని గంధకామ్లముతో తడిపి, 160 మొదలు 190 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిగల ఆవిరిలో కొలది నిమిషములు ఉంచెదరు. పిమ్మట ఎంజైములు పీచును చక్కెరగా విడగొట్టును; చక్కెరను ఈస్టుతో పులియబెట్టి వట్టించిన ఇథనాలు వచ్చును. పులియబెట్టుటయు వట్టించుటయు మానవులకు తరతరములుగా తెలిసిన విద్యలే. కష్టమంతయు గడ్డిని ఆవిరిపాత్రలోనికి త్రోయుటలో నున్నది. 180 డిగ్రీల ఆవిరి, మన చుట్టునున్న గాలికి సుమారు పదిరెట్ల పీడనముతో వెలికి దూకుటకు చూచుచుండును. అట్టి పాత్రలోనికి ఎడతెగక గడ్డిని పంపవలెనన్న, చుట్లు తిరిగిన ఇరుసుతో దానిని గొట్టములో కూరి, గడ్డినే బిరడాగా చేయవలెను. ఆ బిరడా వదులైనచో ఆవిరి వెనుకకు తన్నును. మితిమించి బిగిసినచో ఇరుసు నిలిచిపోవును. వరిగడ్డి విషయమున మరియొక చిక్కు గలదు. దానిలో నూటికి 15 మొదలు 20 పాళ్లవరకు బూడిద యుండును. అందు చాలభాగము ఇసుకజాతికి చెందిన సిలికా. అది ఇరుసుల అంచులను ఆకురాయివలె అరగదీయును. ఆమ్లము ఒకప్రక్క, ఒరపిడి మరియొకప్రక్క లోహమును తినుచుండగా సామాన్యమైన ఉక్కు నిలువజాలదు. అందువలన ఆవిరిపాత్రకు నికెలు కలిసిన మిశ్రలోహములను వాడెదరు. వాటి ఖరీదు సామాన్య ఉక్కునకు పలురెట్లు.

అయిదుగురికి వండు చేయి అయిదువందలమందికి వండజాలదని మన పెండ్లిండ్లలో అందరికి తెలిసినదే. యంత్రముల విషయమునను అంతే. పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తులను రెట్టింపు చేసినచో లోపలి చోటు ఎనిమిదిరెట్లగును. పై తలము నాలుగురెట్లే యగును. కావున చిన్న పాత్ర తన గోడలనుండి వేడిమిని ఎక్కువ పోగొట్టుకొనును. దాని లెక్కను పెద్దదానికి అట్లే వర్తింపజేయరాదు. పైగా యంత్రము చిన్నదగునేగాని గడ్డిపోచ చిన్నది కాదు! రెండడుగుల గొట్టములో సులభముగా సాగు తునుకలు మూడంగుళముల గొట్టములో చిక్కుపడి నిలుచును. అందుచేత నమూనా యంత్రములకు గడ్డిని మరింత సన్నముగా నలుగగొట్టెదరు. అట్లు నలుగగొట్టిన గడ్డి చక్కగా నడచినదని పెద్ద యంత్రమునకు ఉత్తరువిచ్చినచో, పొలమునుండి వచ్చు అసలు గడ్డితో అది మొరాయించును. ఘనపదార్థములను నడుపు మిల్లులు, ద్రవములను నడుపు మిల్లులకంటె చాల ఆలస్యముగాను తక్కువగాను అనుకొన్న ఉత్పత్తిని అందుకొనుచున్నవని అమెరికాలోని రాండ్ సంస్థవారు 1980 తరువాతి దశాబ్దములోనే పరిశోధించి చెప్పియున్నారు. ఆ మాటను విన్నవారు తక్కువ.

ఇక నమూనా కర్మాగారము ఎంతటిది కావలెను? అమెరికాలోని గోల్డెన్ పట్టణమున జాతీయ ప్రయోగశాలవారు రోజునకు ఒక టన్ను గడ్డిని నడుపుదానిని కట్టుకొనిరి. అందలి పులియబెట్టు తొట్లు ఒక్కొక్కటి 9,000 లీటర్లవి. మన దేశమున ఉత్తరాఖండములోని కాశీపురమున 2016 ఏప్రిలులో ఆరంభించినది రోజునకు పది టన్నులది. యంత్రము ఖరీదు దాని శక్తితో సమముగా తగ్గదు. ఇంజనీర్ల మోటులెక్క ప్రకారము పదవవంతు శక్తిగల యంత్రమునకు ఇంచుమించు నాలుగవవంతు ఖరీదగును. చిన్నదిగదాయని చవుకగా వచ్చునని తలచువారు ఇచ్చటనే మోసపోవుదురు.

చేయించుకొనువారు మొదట వ్రాయవలసినది కోరికల పత్రము. మా అభిప్రాయమున పని బాగుపడుటయు చెడుటయు నూటికి ఎనుబదిపాళ్లు ఈ కాగితములోనే యున్నది. "రోజునకు ఒక టన్ను గడ్డిని నడుపు యంత్రము కావలెను" అని వ్రాసిరనుకొందము. ఆ టన్ను ఎండినదా, తడిదా? నూటికి 40 పాళ్లు తేమయున్న టన్నులో ఎండుగడ్డి 600 కిలోలే. రోజనగా ఇరువదినాలుగు గంటలా, పగటి ఎనిమిది గంటలా? మొదటి లెక్కకు గంటకు 42 కిలోలు. రెండవదానికి 125 కిలోలు. ఒకే వాక్యమునకు మూడురెట్ల తేడాగల రెండు యంత్రములు వచ్చును; రెంటిని చేసినవారును తాము ఒప్పుకొన్నదే చేసితిమని వాదింపగలరు. తునుక పొడవెంత, ఏ ఏ పంటల గడ్డి, వేడిమి ఎచ్చటినుండి ఎచ్చటివరకు, పాత్రలో ఎన్ని నిమిషములు, ఆమ్లము ఎంత గాఢము, ఇవన్నియు అంకెలతో వ్రాయవలెను. అన్ని పంటలకు, అన్ని పద్ధతులకు పనికివచ్చు ఒకే యంత్రమును కోరుట పరిశోధకులకు సహజమైన ఆశ. అట్టి యంత్రము ఖరీదెక్కును, ఏ పనిని సరిగా చేయదు. తప్పక చేయదలచిన రెండుమూడు పనులకు చేయించి, మార్చుకొనుటకు వీలుగా కొన్ని భాగములను విడదీయదగినట్లు పెట్టించుట తెలివి.

మరియొకటి. పెద్ద మిల్లు ఇథనాలును అమ్మును. నమూనా కర్మాగారమునుండి మనము కోరునవి అంకెలు. మన సంఘపు చిట్టాలో జమాఖర్చులు సరిపోవలెనని ఎట్లు పట్టుబట్టుదుమో, అట్లే లోనికి పోయిన గడ్డి, నీరు, ఆవిరి, ఆమ్లములకును వెలికి వచ్చినవాటికిని తూకము సరిపోవలెను. కావున ప్రతి అంకమున తూచుటకు, నమూనా తీయుటకు, వేడిమిని పీడనమును గుర్తించుటకు ఏర్పాటులుండవలెను. యంత్రము చేసిన పిమ్మట పీడనపాత్రకు రంధ్రము వేయుట తలపాగాకు కుట్టు వేయుటవంటిది కాదు. పరీక్షలన్నియు మరల చేయవలసివచ్చును.

పిమ్మట టెండరు. ప్రభుత్వ ద్రవ్యముతో కొనువారికి 2017 నాటి సామాన్య ఆర్థిక నియమములు వర్తించును. క్లిష్టమైన యంత్రములకు సాంకేతిక వివరములను ఒక కవరులోను ధరను మరియొక కవరులోను తీసికొని, మొదటిదానిలో నెగ్గినవారి ధరలనే విప్పు పద్ధతి వాటిలో గలదు. టెండరుకు ముందు తయారీదారులను పిలిచి మాటలాడు సమావేశమునకును వీలు గలదు; దీనిని తప్పక జరుపవలెను, ఏలయనగా మన పత్రములోని లొసుగులు వారి ప్రశ్నలవలననే తేలును. 200 కోట్ల రూపాయలకు లోబడిన కొనుగోళ్లకు విదేశీ టెండరు పిలువరాదని 2020లో నిర్ణయమైనది; పరిశోధన పరికరముల విషయమున ఆ అనుమతిని సంస్థాధిపతులే ఈయవచ్చునని 2025 జూనులో సడలించిరి. ఈ సడలింపు మంచిదే. కాని స్వదేశములో చెరకు మిల్లులకు, కాగితపు మిల్లులకు యంత్రములు చేయు అనుభవజ్ఞులు గలరనియు, వారు పిలిచినంతనే వచ్చి మరమ్మతు చేయగలరనియు మరువరాదు.

తక్కువ ధరకే ఈయవలెననెడి ఆచారము సిమెంటు బస్తాలకు తగును. ఎవ్వరును ఇంతకుముందు చేయని యంత్రమునకు అందరికంటె తక్కువ చెప్పినవాడు, తరచుగా పనిని అందరికంటె తక్కువ అర్థము చేసికొన్నవాడై యుండును. అందుచే మొదటి కవరులోనే, గడ్డిని గాని అట్టి పీచుపదార్థమును గాని నడిపిన అనుభవము చూపవలెనని గట్టిగా నియమము పెట్టుకొనవలెను.

పని ఒప్పగించిన పిమ్మట బయానా సామాన్యముగా ప్రైవేటు సంస్థలకు కంట్రాక్టులో నూటికి 30 పాళ్లకు మించరాదని నియమము. దానికి బ్యాంకు హామీ తీసికొనవలెను. మిగిలిన సొమ్మును నెలలనుబట్టి గాక పనినిబట్టి విడదీయవలెను: చిత్తుపటములు ఒప్పుకొన్నప్పుడు కొంత, లోహము వచ్చి దాని పరీక్షాపత్రము చూపినప్పుడు కొంత, పీడనపాత్రకు నీటి పరీక్ష నెరవేరినప్పుడు కొంత. పటములను సంతకముచేసి ఒప్పుకొన్న పిదప పరిశోధకులు క్రొత్త కోరికలతో వచ్చుట ఎల్లచోట్ల జరుగునదే. అట్టి మార్పునకు ఎవరు అనుమతి నీయవలెనో ముందే ఒక్కరిని నియమించిననేగాని ఖర్చు అదుపులోనుండదు. ఇంటి విషయమున రెండు మాటలు చాలును. ఇథనాలు ఆవిరి నిప్పురవ్వకు అంటుకొనునది గనుక అచ్చటి మోటారులు, దీపములు అందులకు తగినవై యుండవలెను. యంత్రము వచ్చినప్పుడు తలుపు చాలదని గోడ పగులగొట్టకుండ ముందే కొలుచుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది తయారీదారుని కార్ఖానాలోనే జరుగవలసిన పరీక్ష. నీటితో నడిపి చూపి, బాగున్నదనిపించుకొని, బండి కెక్కించుట వాడుక. నీరు ఎచ్చటను చిక్కుపడదు, చిక్కుపడునది గడ్డి. అందువలన మన గడ్డితో, ఒప్పందములోని గంటల లెక్కను ఆపకుండ నడిపి చూపిన పిమ్మటనే యంత్రము కదలవలెననియు, మన ఆవరణలో మరల అట్లే నడచిన పిమ్మటనే కడపటి వాయిదా సొమ్ము ముట్టుననియు వ్రాయించుకొనవలెను. అరుగు భాగములు రెండు సంవత్సరములకు చాలునన్ని, వాటి పటములు, యంత్రమును నడుపు కంప్యూటరు లెక్కల ప్రతి, అన్నియు ఆ వాయిదాలోనే చేర్చవలెను. తయారీదారు వ్యాపారము మూసికొన్నచో ఆ పటములే మనకు దిక్కు.

పరీక్షకు గడ్డిని పంపు పని సహకార సంఘములది కావచ్చును. ప్రయోగశాలలు కోరునపుడు సాధారణముగా మిక్కిలి శుభ్రమైన, కొత్త కోతగడ్డినే ఏరి పంపుట మన మర్యాద. అట్లు చేయవలదని సభ్యులను కోరుచున్నాము. కోతయంత్రము విడిచిన గడ్డి ఒక మోపు, చేతికోత గడ్డి ఒక మోపు, మట్టి అంటినది ఒకటి, వానకు తడిసి వామి అడుగున నల్లబడినది ఒకటి, వేరువేరుగా కట్టి, ఏ రకపు వరియో, ఎన్నడు కోసినదో, ఎన్నినాళ్లు నిలువయున్నదో చీటీ వ్రాసి ప్రతి కట్టకును కట్టి పంపవలెను. రేపు ఆ కర్మాగారమునకు మనము తోలబోవునది అట్టి గడ్డియే.