మాల తీసిన మర్నాడు

కార్తికమాసం రాగానే మైపాడు తీరంలో తెల్లవారకముందే స్నానాల సందడి మొదలవుతుంది. నల్లని వస్త్రాల స్వాములు శరణుఘోషతో అలలలోకి దిగుతారు. నేనూ తొమ్మిది పర్యాయాలు అయ్యప్ప దీక్ష స్వీకరించాను. ఆ 41 దినాలు బ్రాహ్మీముహూర్తాన మేల్కొనడం, చన్నీటి స్నానం, మితమైన సాత్త్వికాహారం. పొగాకు జోలికే పోయేవాణ్ణి కాను. దేహం తేలికగా ఉండేది. మాల తీసిన మర్నాడే చుట్ట వెలిగేది. సంక్రాంతి నాటికి పాత జీవితమంతా తిరిగివచ్చేది. తొమ్మిదవ ఏట రక్తపోటు మితిమీరిందని వైద్యులు చెప్పారు. స్వామి కోసం చేయగలిగినది, స్వామి ఇచ్చిన దేహం కోసం ఎందుకు చేయలేకపోయాను?

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2009లో 96 మందిపై జరిపిన అధ్యయనాన్ని వెలువరించారు. ప్రతివారూ ఒక కొత్త పనిని ‘అల్పాహారం తరువాత’ వంటి నిత్యకృత్యానికి జతచేశారు. అది అలవాటుగా స్థిరపడడానికి మధ్యస్థంగా 66 దినాలు పట్టింది. కొందరికి 18 చాలగా, మరికొందరికి 254 దాకా పడుతుందని అంచనా. ఒకనాడు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. అంటే మండలం ముగిసేనాటికి చాలామందిలో మొక్క ఇంకా వేరూననే లేదు. పైగా దీక్షలో మనను నిలబెట్టేవి మాల, వస్త్రం, తోటి స్వాములు. అవి తొలగితే గుర్తుచేసేది ఏదీ మిగలదు.

పదవ దీక్ష ముగిసినప్పుడు అన్నింటినీ నిలుపుకోవాలని తలచలేదు. సంధ్యాదీపం పెట్టగానే అరగంట నడక, అదొక్కటే. వారానికి ఐదు దినాలు నడిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన 150 నిమిషాలు పూర్తవుతాయి. తుపాను రోజుల్లో తప్పేది. మరునాడు మళ్లీ దీపం, మళ్లీ నడక. అది కుదిరాకే ఉప్పు సంగతి చూశాను. రోజుకు 5 గ్రాములకు, అంటే సుమారు ఒక చిన్న చెంచాడుకు, మించరాదని ఆ సంస్థ మాట. ఎండుచేపలతో, ఊరగాయలతో పెరిగిన తీరవాసులకు ఇది కష్టమే. మా ఇంట జాడీ ఇప్పటికీ ఉంది. కంచం దగ్గరకు ఆదివారమే వస్తుంది. చుట్ట మానడానికి మరి రెండేళ్లు పట్టింది.

దీక్ష అని, ఉపవాసమని మందులు ఆపేవారిని ఏటా చూస్తున్నాను. తీర్థంతో మాత్ర వేసుకుంటే వ్రతభంగం కాదని మా గురుస్వామి అనేవారు. ఇన్సులిన్ గానీ, మధుమేహానికి కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవారు భోజనం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఉపవాసానికి ముందే వైద్యుని అడిగి మోతాదు నిర్ణయించుకోవాలి. వణుకు, చెమటలు, తలతిరుగుడు కనిపిస్తే వెంటనే పంచదార నీళ్లు పుచ్చుకోవాలి. అది వ్రతం గురించి ఆలోచించే సమయం కాదు. ఇరుముడి కట్టే రోజున నా మాత్రల పొట్లాన్ని పైసంచిలో పెట్టడం నా సహధర్మచారిణి ఇప్పుడు మరువదు.