క్లచ్ పట్టు, ఫ్లైవీల్ బరువు

శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్ ఎక్కితే 158 కిలోమీటర్ల చుట్టు మొత్తం టాప్ గేరులోనే తిరిగి రావచ్చు. అక్కడినుంచే రాజీవ్ రహదారి మీద సికింద్రాబాద్ వైపు మళ్ళితే తూముకుంట, హకీంపేట, అల్వాల్, తిరుమలగిరి దాటేదాకా ఎడమ కాలికి తెరిపి ఉండదు. కారుకు ‘పెర్ఫార్మెన్స్’ క్లచ్, తేలిక ఫ్లైవీల్ వేయించాలని మోజుపడేవాళ్ళు తమ బండి ఈ రెండు దారుల్లో దేనిమీద ఎక్కువసేపు గడుపుతుందో ముందు లెక్కేసుకోవాలి.

ఈ మోజు చాలామందికి రీమ్యాప్‌తో మొదలవుతుంది. పోలో జీటీ 1.5 టీడీఐ లాంటి డీజిల్ కారు కంపెనీ నుంచి 250 న్యూటన్ మీటర్ల టార్క్‌తో వచ్చేది. ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్పిస్తే, అంటే రీమ్యాప్ చేయిస్తే, అది 300 దాటవచ్చు. ఇంజన్ బలం పెరిగింది, క్లచ్ మాత్రం పాతదే. కొన్నాళ్ళకు ఔటర్ మీద లారీని దాటేద్దామని ఐదో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం ముల్లు లేస్తుంది, బండి వేగం అంతే ఉంటుంది. వెనకే మాడు వాసన. క్లచ్ జారుతోందన్నమాట.

క్లచ్ ఎంత టార్క్ మోయగలదో తేల్చేవి నాలుగు: ప్లేటు ఘర్షణ గుణకం, ప్రెజర్ ప్లేట్ నొక్కే బలం, ప్లేటు సగటు వ్యాసార్థం, రాసుకునే ముఖాల సంఖ్య. గుణకం 0.3, బలం 5,000 న్యూటన్లు, వ్యాసార్థం 10 సెంటీమీటర్లు, ముఖాలు రెండు అనుకుందాం. గుణిస్తే 300 న్యూటన్ మీటర్లు. ఇంకా కావాలంటే ఈ నాలుగింట్లో ఏదో ఒకటి పెంచాలి, ఏది పెంచినా ఎక్కడో ఒకచోట చెల్లించుకోవాలి. ప్రెజర్ ప్లేట్ స్ప్రింగు గట్టిదైతే పెడల్ బరువెక్కుతుంది, రిలీజ్ బేరింగ్ మీద భారం పెరుగుతుంది. సెరామిక్ బటన్ల ప్లేటు బాగా పట్టుకుంటుంది, కానీ ఒక్కసారిగా పట్టుకుంటుంది. హాఫ్ క్లచ్ మీద మెల్లగా కదులుదామంటే కుదరదు, బండి కుదిపేస్తుంది. రెండు ప్లేట్ల క్లచ్‌కి ముఖాలు నాలుగవుతాయి, ఖర్చూ అలాగే పెరుగుతుంది. అన్నట్టు, క్లచ్ డబ్బాల మీద రాసే ‘స్టేజ్ 1’, ‘స్టేజ్ 2’లకు అన్ని కంపెనీలూ ఒప్పుకున్న కొలతంటూ లేదు. ఎన్ని న్యూటన్ మీటర్లు మోస్తుందో అడగండి, చెప్పలేకపోతే కొనకండి.

ఇక ఫ్లైవీల్. కుమ్మరి సారె బరువుగా ఎందుకుంటుందో తెలిసినవాళ్ళకు దీన్ని వేరే చెప్పనక్కర్లేదు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్ ఒక్క చుట్టుకు రెండుసార్లు మాత్రమే తోపు అందుకుంటుంది. మధ్య ఖాళీల్లో తిప్పుడు తగ్గకుండా చూసేది ఆ ఇనుప చక్రం బరువే. బరువు తగ్గిస్తే ఇంజన్ చప్పున లేస్తుంది, చప్పున పడిపోతుంది. హార్స్ పవర్ మాత్రం ఒక్కటీ పెరగదు.

మరి లాభం ఎంత? 8 కిలోల ఫ్లైవీల్ తీసి అదే సైజులో 5 కిలోలది వేశామనుకోండి. ఫ్లైవీల్ వ్యాసార్థం 13 సెంటీమీటర్లు, దాని బరువు అంతటా సమానం, మొదటి గేరు మొత్తం నిష్పత్తి 14, టైరు వ్యాసార్థం 30 సెంటీమీటర్లు అయితే, మొదటి గేరులో వేగం అందుకునేటప్పుడు కారు బరువు 55 కిలోలు తగ్గినంత తేడా వస్తుంది. గేరు నిష్పత్తి వర్గంతో గుణించాలి కాబట్టి అంత. ఐదో గేరులో నిష్పత్తి 3కి దిగితే అదే మార్పు విలువ రెండున్నర కిలోలు! ఔటర్ మీద 100లో పోయేవాడు డ్యాష్‌బోర్డ్ అరలోని నీళ్ళ సీసాలు తీసేసినా దాదాపు అంతే లాభం. స్థిరమైన వేగంలో ఆ రెండున్నర కిలోల ఊసు కూడా ఉండదు.

పైగా నేటి డీజిళ్ళలో చాలావాటికి ఉండేది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్. జర్మనీకి చెందిన లూక్ సంస్థ 1985లో యూరప్ మార్కెట్‌కి తెచ్చిన ఏర్పాటు ఇది. చక్రం రెండు ముక్కలు, మధ్యలో వంపు స్ప్రింగులు. ఇంజన్ కుదుపులు గేర్‌బాక్స్‌కి చేరకుండా ఆ స్ప్రింగులే మింగేస్తాయి. దాన్ని తీసి ఒంటి ముక్క తేలిక ఫ్లైవీల్ వేస్తే సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో గేర్‌బాక్స్ గలగలమంటుంది, క్లచ్ తొక్కితే ఆగుతుంది. ఇంకోటి, వేడి. 1,200 కిలోల కారు నిలిచిన చోటినుంచి గంటకు 20 కిలోమీటర్ల వేగం అందుకునేసరికి దాదాపు 18 కిలోజౌళ్ళ శక్తి క్లచ్‌లో వేడిగా మారుతుంది. అల్వాల్‌లో అది నిమిషానికోసారి జరుగుతుంది. ఆ వేడిని దాచుకోవలసిన ఇనుమునే మనం తీసి పారేశాం.

రేస్ ట్రాక్ మీద ఈ లెక్క తిరగబడుతుంది. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే మీద, శ్రీపెరంబుదూరు ట్రాక్ మీద ప్రతి మలుపులో గేరు దించుతారు, ఇంజన్ చప్పున లేవడం అక్కడ అక్కరకొస్తుంది. అక్కడైనా పోత ఇనుము ఫ్లైవీల్‌ని గీకి తేలిక చేయించడం ప్రమాదమే. ఎక్కువ ఆర్‌పీఎంలో పగిలిందంటే ముక్కలు క్లచ్‌ని కప్పి ఉంచే బెల్ హౌసింగ్‌ని చీల్చుకుని వస్తాయి. ఉక్కుతో చేసినదే వేయాలి.

నన్నడిగితే, శామీర్‌పేట నుంచి రోజూ నగరానికి వెళ్ళొచ్చే రీమ్యాప్ కారుకు కంపెనీ ఫ్లైవీల్ అలాగే ఉంచి, కాస్త గట్టి ప్రెజర్ ప్లేట్, మంచి ఆర్గానిక్ (సెరామిక్ కాని మామూలు రకం) ప్లేటు వేయిస్తే చాలు. క్లచ్ జారకపోతే అదీ అక్కర్లేదు. గేర్‌బాక్స్ దించిన రోజే రిలీజ్ బేరింగ్, క్రాంక్ వెనక ఆయిల్ సీల్, ఫ్లైవీల్ బోల్టులు కొత్తవి వేయించండి. వీటికోసం మళ్ళీ గేర్‌బాక్స్ దించాలంటే ఆ కూలి రెండోసారి కట్టాలి. బిగించాక మొదటి 800 కిలోమీటర్లు మెల్లగా నడపండి, ప్లేటు సర్దుకోవడానికి ఆ మాత్రం పడుతుంది.