హైకువు - పదునేడు మాత్రల పద్యము

కాగితము మడచి కొంగలు చేయుట, పూలు అమర్చుట మొదలగు జపాను కళలను మన నగరములలో కొందఱు తీరికవేళల నేర్చుకొనుచున్నారు. హైకువను పద్యమునకు ఆ సామగ్రియు అక్కఱలేదు. పలకయు బలపమును చాలును. కనుక నేటి ప్రసంగమునకు దానినే గైకొంటిని. వేఱొక కారణమును గలదు, పిదప మనవి చేసెదను.

హైకువునకు మూడు పాదములు. వాని కొలత 5, 7, 5, వెరసి 17. పదునేడు అక్షరములని నేను చిరకాలము తలచితిని. బాచుపల్లిలో మాతో నివసించుచు హైటెక్ సిటీలో కొలువు చేయు మా కుమార్తె జపాను భాష నేర్చుకొనుచు, ఒకనాడు "నాన్నగారూ, టోక్యోకు నాలుగు" అని నాలుగు చప్పట్లు చఱచినది. చూపునకు అక్షరములు రెండే! నిప్పోన్ అన్నను నాలుగే. హైకు అన్న మూడు. లఘువునకు ఒకటి, గురువునకు రెండు వేసి చూచితిని. అవే సంఖ్యలు వచ్చినవి. వారు కొలుచునది అక్షరమును గాదు, మాత్రను!

మన ఆటవెలది మొదటి పాదమును తలచుడు. మూడు సూర్యగణములకు 9 మాత్రలు. రెండు ఇంద్రగణములకు తక్కువ పక్షము 8. వెరసి 17. వేమన పద్యములు నోటనున్న మీకు ఈ కొలత పరాయిది కాదు.

కొలతతోబాటు ఋతువును సూచించు మాట యొకటి యుండవలెనని వారి సంప్రదాయము. చంద్రుడన్న శరత్తు, కప్ప యన్న వసంతము. (మనకు కప్ప వానకాలపుది గదా!) ఈ కవితకు మహాకవి బషో, 1644 మొదలు 1694 వఱకు జీవించెను. హైకువను పేరును స్థిరపఱచినవాడు, తరువాతి కాలపు షికి. 1916లో జపానునకేగిన రవీంద్రులు బషో కప్ప పద్యమును వంగభాషలోనికి తెచ్చిరి. తెలుగున ఇస్మాయిల్ గారి హైకువుల సంపుటి 'కప్పల నిశ్శబ్దం' 1997లో వెలువడెను.

ఆ మఱుసటి యేడు నా తరగతిలోని పిల్లవాడొకడు మూడేసి పాదముల పద్యములు వ్రాసి తెచ్చెను. నేను చదివితిననుట అబద్ధము, గణములు వెదకితిని. కానరాకపోగా ఎఱ్ఱసిరాతో అడ్డగీత గీసి "ఛందస్సు లేదు" అని వ్రాసితిని. వాడు మఱల నాకేదియు చూపలేదు. ఇప్పుడు వాని పద్యములలో ఒక్క మాటయు నాకు జ్ఞాపకము లేదు. గీత మాత్రము జ్ఞాపకమున్నది.

ఉదయము చెఱువుగట్టున కూర్చుండి వ్రేళ్లపై మాత్రలెంచుచుందును. నీటిలో చేపలకంటె మేడల నీడలే యెక్కువ. నెలకు ఒకటి కుదిరినది:

ఒక కొంగ
మేడనీడను
పొడిచినది

లెక్క సరిపోయినది. ఋతువు మాట యింకను దొరకలేదు.