కొన్న వస్తువు - ఇచ్చిన మాట

మన పెద్దలు కుమ్మరి వద్ద కుండను కొనునపుడు వ్రేలితో తట్టి చూచి, ఖంగుమన్న కుండను మాత్రమే ఇంటికి తెచ్చెడివారు. బీటగల కుండ తన లోపమును ఆ క్షణముననే చెప్పుకొనెడిది. కాని పర్వతయాత్రకై కొనెడి గుడారమును, వానకోటును, వీపుసంచిని, నడకబూట్లను ఆ విధముగా తట్టి చూచుటకు వీలు లేదు. అంగడి దీపముల వెలుగులో అన్నియు గట్టివిగనే కనబడును. వాటి నిజస్వరూపము బయటపడునది అంగడికి వందల మైళ్ల దూరమున, కొండవాలుపై, వాన కురియుచుండగా! అందువలననే ఇట్టి వస్తువుల విషయమున అమ్మినవాని మాటకు, అనగా వారంటీకి, ఎక్కువ విలువ ఏర్పడినది. నేడు మన జిల్లాలనుండి కూడ యువతీయువకులు సెలవులలో హిమాలయముల నడకదారులకు పోవుచున్నారు. సామగ్రిని ఎంచుకొనువారు పిల్లలైనను వెల చెల్లించువారు తరచుగా తలిదండ్రులే. కనుక ఈ సంగతి ఇంటిల్లిపాదియు తెలిసికొనదగినదని మా తలంపు.

ఇచ్చిన మాటను నిలుపుకొనుటకు పేరొందిన ఉదాహరణ మొకటి ఉన్నది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున, ఫ్రీపోర్టు అను ఊరిలో, లియాన్ లియాన్‌వుడ్ బీన్ అను వేటప్రియుడు ఉండెను. తడి అడవులలో తిరిగి తిరిగి కాళ్లు నాని విసిగిన అతడు, అడుగున రబ్బరు, పైన తోలు గల బూటును కల్పించి, 1912లో టపా ద్వారా అమ్మకమునకు పెట్టెను. తృప్తి కలుగనిచో సొమ్ము వాపసు చేయుదునని మాట ఇచ్చెను. మొదట అమ్మిన 100 జతలలో 90 జతలు తిరిగి వచ్చినవి. తోలునుండి రబ్బరు ఊడిపోయినది! అతడు కొన్నవారికి సొమ్ము తిరిగి చెల్లించి, అప్పు తెచ్చి, లోపమును సవరించి, మరల బూట్లు చేయించెను. తిరిగి వచ్చిన ఆ 90 జతలే అతనికి గురువులైనవని చెప్పవచ్చును.

అతని పేరిట వెలసిన ఎల్. ఎల్. బీన్ సంస్థ దేశమంతట ప్రసిద్ధికెక్కినది. ఎన్ని ఏండ్లు గడచినను వస్తువును తిరిగి ఈయవచ్చునన్న వాగ్దానమే దాని కీర్తికి మూలము. కాని 2018 ఫిబ్రవరిలో ఆ వాగ్దానమునకు తెర పడినది. కొందరు ఏండ్ల తరబడి వాడి అరగదీసిన సరుకును, మరికొందరు ఇతరుల ఇండ్ల ముంగిట పాతసామానుల అమ్మకములలో కొన్న సరుకును తెచ్చి సొమ్ము కోరసాగిరి. ఐదేండ్లలో 25 కోట్ల డాలర్ల నష్టము కలిగినదని సంస్థ తెలిపెను. నాటినుండి గడువు ఒక ఏడాది. కొన్నట్లు ఆధారము చూపవలెను. సియాటిల్ నగరమున 1938లో 23 మంది పర్వతారోహకులు కూడి స్థాపించిన ఆర్.ఇ.ఐ. అను సహకార సంఘము కూడ 2013లోనే తన సభ్యులకు ఇట్టి గడువును విధించినది. హామీ అనునది ఊరుమ్మడి చెరువు వంటిది. ఒకడు తన పొలమునకై రాత్రివేళ గట్టుకు గండి కొట్టినచో, వేసవిలో ఊరంతయు దప్పిగొనును.

ఇంతకు, వారంటీ అనగా నేమి? అది సాధారణముగా తయారీలో జరిగిన లోపమునకు మాత్రమే బాధ్యత వహించును. కుట్టు విడిపోవుట, కట్టు పట్టీ తెగుట, జిప్పు మొదటి వారముననే పట్టు తప్పుట - ఇవి లోపములు. బండరాళ్లపై నడచి అడుగు అరిగిపోవుట, నిప్పురవ్వ పడి గుడారమునకు చిల్లు పడుట - ఇవి వాడుక ఫలితములు. "జీవితకాలపు హామీ" అని అట్టపై అచ్చువేసి యుండును. ఎవరి జీవితకాలము? పలుచోట్ల అది కొన్నవాని ఆయువు కాదు, ఆ వస్తువునకు తయారీదారు ఊహించిన ఆయువు. కనుక కొనుటకు ముందే మూడు ప్రశ్నలు వేయవలెను. గడువెంత? లోపము కనబడినచో బాగుచేయుదురా, మార్చి ఇత్తురా, సొమ్ము ఇత్తురా? పంపుటకగు ఖర్చు ఎవరిది?

మన్నికను కొంతవరకు మనమే అంచనా వేయవచ్చును. సంచి గుడ్డపై "డెనియర్" అను లెక్క ఉండును. 9,000 మీటర్ల దారము ఎన్ని గ్రాములు తూగునో ఆ సంఖ్యయే డెనియర్. సంఖ్య పెరిగినకొలది దారము లావు. బరువు కూడ ఎక్కువే. వానకోటుపై, గుడారముపై మిల్లీమీటర్ల లెక్క కనబడును. అంత ఎత్తు నీటిస్తంభమును మోపినను గుడ్డ కారకుండ నిలుచునని దాని భావము. కాని గుడ్డ ఎంత మంచిదైనను నీరు దూరునది సూదిబెజ్జముల గుండనే. కనుక కోటును లోపలి ప్రక్కకు త్రిప్పి, కుట్లపై పట్టీ అంటించినారో లేదో చూడవలెను. జిప్పును పదిసార్లు లాగి చూడవలెను. సంచి భుజపట్టీలు కలిసెడిచోట ఒక్క వరుస కుట్టు ఉన్నదా, అడ్డముగ బలపు కుట్టు కూడ ఉన్నదా అని పరీక్షింపవలెను.

కంటికి కనబడని శత్రువులు రెండు గలవు. మొదటిది ఎండ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు నైలాను దారమును క్రమముగా బలహీనపరచును. రెండవది చెమ్మ, దాని ప్రతాపము మేము స్వయముగ చవిచూచితిమి. ఒక అంగడిలో కొన్న నడకబూట్లను రెండు మూడు యాత్రలకు మాత్రము వాడి, అపురూపముగా డబ్బాలో పెట్టి అటకపై దాచితిమి. ఆరేండ్ల తరువాత అరకు కొండలలో నడచుచుండగా, గంట తిరుగకుండ రెండు బూట్ల అడుగులును ఎండిన మట్టిపెళ్లలవలె పొడియై రాలిపోయినవి. మిగిలిన దారి త్రాటితో కట్టుకొని కుంటుచు నడచితిమి. అంగడివారు గడువు దాటినదని త్రోసిపుచ్చగా మిక్కిలి కోపించితిమి. పిదప విచారింపగా తెలిసినదేమనగా, ఆ అడుగులలోని పాలీయురెథేను అను పదార్థమును గాలిలోని తేమ లోలోపల విడగొట్టును. వాడకున్నను అది చెడును. మన తీరప్రాంతపు ఉక్కలో మరింత త్వరగా చెడును. గుడారపు లోపలి పూత జిగటయై పులిసిన వాసన వేయుటకును ఇదియే కారణము. మా కోపములో సగము న్యాయము కాదు. అయితే దాచుటవలన ఆయువు పెరుగదని కొన్ననాడే ఒక్క మాట చెప్పియుండినచో ఎంత మేలయ్యెడిది!

పర్వతారోహణకు వాడు త్రాడు మాత్రము వేరు జాతి వస్తువు. అక్కడ ప్రశ్న సొమ్మును గురించి కాదు, ప్రాణమును గురించి. ఒకసారియు వాడకున్నను పదేండ్లు దాటిన త్రాటిని విడువవలెనని తయారీదారులు సామాన్యముగా చెప్పుదురు. గట్టి పతనమును ఆపిన త్రాటిని, మందులు, ఆమ్లములు సోకిన త్రాటిని వెంటనే విడువవలెను. పూర్వచరిత్ర తెలియని పాత త్రాటిని చౌకగా వచ్చినను కొనరాదు. వారంటీ సొమ్మును తిరిగి తేగలదు గాని మనిషిని తేలేదు.

లోపము నిజముగా ఉన్నప్పుడు సంకోచింప పనిలేదు. "అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అను బోర్డును చూచి అనేకులు వెనుదిరుగుదురు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, 2020 జూలైలో అమలులోనికి వచ్చినది, లోపభూయిష్టమైన సరుకును తిరిగి తీసికొని సొమ్ము చెల్లించుటకు నిరాకరించుటను అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొన్నది. బిల్లులో గడువు చెప్పియుండినచో ఆ గడువులోపల, చెప్పనిచో 30 దినములలోపల సొమ్ము చెల్లింపవలెను. రంగు నచ్చలేదనుట లోపము కాదని మాత్రము గుర్తుంచుకొనవలెను. బిల్లును, తేదీ వేసిన వారంటీ కార్డును కొన్ననాడే భద్రపరచుడు. వస్తువును శుభ్రపరచి, ఆరబెట్టి, లోపమున్న చోటును ఫొటో తీసి, ఎప్పుడు ఎట్లు వాడినదియు దాచకుండ వ్రాసి పంపుడు. జవాబు రానిచో 1915 అను నంబరునకు ఫోను చేయవచ్చును. పిమ్మట జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవచ్చును. 5 లక్షల రూపాయల లోపు వెల గల వస్తువునకు రుసుము లేదు. వివాదము పుట్టిన నాటినుండి రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను.

ఆ వ్రాతలో, మన పొరపాటువలన చినిగినదానిని చినిగినదనియే చెప్పుదము. బాగుచేయించుకొని వాడుకొనుటలో చిన్నతనము లేదు. ఈ ఆదివారము అటకపై నున్న సంచిని క్రిందికి దింపి, గుడారమును ఎండ తగులని నీడలో పరచి, బూటు అడుగును వ్రేలితో గట్టిగా నొక్కి చూడుడు. లోపము కొండపై గాక ఇంటిలోననే బయటపడుట మేలు.