సీపీఎల్ చేతికొచ్చింది.. టైప్ రేటింగ్‌కు మరో 20 లక్షలు ఇప్పుడే కట్టాలా?

గత నెల కర్నూలులో దూరపు బంధువుల ఇంట్లో దావత్‌కు వెళ్లాను. భోజనాలు అయ్యాక ఇంటి పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. "బేటా, నువ్వు బీకాం చదివావు, పేపర్ పని చేస్తున్నావు. ఒక్క హిసాబ్ చెప్పు" అన్నారు. వాళ్ల అబ్బాయి పైలట్ కోర్సు పూర్తి చేశాడు. వడ్డీ లోన్ వద్దనుకుని ఒక ప్లాట్ అమ్మి చదివించారు. ఇప్పుడు ఎవరో కన్సల్టెంట్ ఫోన్ చేసి "టైప్ రేటింగ్ కూడా చేయిస్తే ఉద్యోగం పక్కా" అంటున్నాడట. దానికి ఇంకో 20 లక్షలు. ఇంట్లో మిగిలింది ఇంకొక్క ప్లాటే. అది కూతురి పెళ్లి కోసం పెట్టుకున్నది.

ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. తర్వాత ఈ రంగం గురించి చదివి, తెలిసినవాళ్లను అడిగి అర్థం చేసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఈ ప్రశ్న ఆయన ఒక్కరి ఇంట్లోనిదే కాదు.

అసలు టైప్ రేటింగ్ అంటే ఏంటి?

మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్స్, అంటే సీపీఎల్ రావాలంటే కనీసం 200 గంటలు విమానం నడిపి ఉండాలి. డీజీసీఏ పరీక్షలు పాసవ్వాలి, క్లాస్ 1 మెడికల్ ఉండాలి. ఆ 200 గంటల్లో ఎక్కువ భాగం సెస్నా లాంటి చిన్న విమానాల మీదే గడుస్తుంది.

సీపీఎల్ ఉన్నంత మాత్రాన ఇండిగో విమానంలో కూర్చుని నడపలేరు. పెద్ద విమానం ఒక్కోదానికీ విడిగా శిక్షణ తీసుకుని, పరీక్ష పాసై, లైసెన్స్‌లో ఆ పేరు ఎక్కించుకోవాలి. అదే టైప్ రేటింగ్. బైక్ లైసెన్స్ ఉన్నా బస్సు నడపడానికి వేరే లైసెన్స్ కావాలి కదా, అలాంటిదే. తేడా ఏంటంటే ఇక్కడ ఒక్కో కంపెనీ బస్సుకు ఒక్కో పరీక్ష. ఎయిర్‌బస్ ఎ320 రేటింగ్ ఉన్నవాళ్లు బోయింగ్ 737 నడపలేరు. 737 ఉన్నవాళ్లు ఏటీఆర్ 72 నడపలేరు.

కోర్సు సాధారణంగా రెండు నెలల లోపు అయిపోతుంది. ముందు క్లాసులు, తర్వాత అచ్చం కాక్‌పిట్‌లాగే ఉండి కదిలే సిమ్యులేటర్‌లో శిక్షణ, చివర్లో నిజం విమానంతో కొన్ని టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు. గురుగ్రామ్, గ్రేటర్ నోయిడా, బెంగళూరు లాంటి చోట్ల ఇలాంటి సెంటర్లు ఉన్నాయి. ఫీజు సెంటర్‌ని బట్టి, విమానాన్ని బట్టి సుమారు 15 నుంచి 25 లక్షల దాకా అవుతుంది.

దీనికి ముందు ఇంకోటి కూడా అమ్ముతారు. జెట్ ఓరియంటేషన్ కోర్సు. చిన్న విమానం నుంచి వేగంగా వెళ్లే జెట్‌కు అలవాటు చేసే శిక్షణ ఇది. ఖర్చు తక్కువే. ఇంటర్వ్యూలో సిమ్యులేటర్ పరీక్ష పెడితే ఉపయోగపడొచ్చు కూడా. కానీ దీనివల్ల లైసెన్స్‌లో కొత్తగా ఏమీ ఎక్కదు. రెండూ ఒకటే అన్నట్టు ఎవరైనా చెబితే జాగ్రత్తపడాలి.

మరి ఉద్యోగానికి పనికొస్తుందా?

పనికొస్తుంది. కాకపోతే సమయం కుదరాలి, విమానం కుదరాలి. ఎయిర్‌లైన్స్ నోటిఫికేషన్లు రెండు రకాలుగా వస్తాయి. ఒకటి టైప్ రేటింగ్ ఉన్నవాళ్లకు, ఇంకోటి సీపీఎల్ మాత్రమే ఉన్నవాళ్లకు. మొదటి రకం వచ్చినప్పుడు చేతిలో సరైన రేటింగ్ ఉంటే అప్లై చేసుకోవచ్చు, త్వరగా విమానం ఎక్కవచ్చు. రెండో రకంలో ముందు పరీక్షలు, ఇంటర్వ్యూ పెట్టి ఎంపిక చేస్తారు. ఆ తర్వాత కంపెనీ చెప్పిన సెంటర్‌లోనే టైప్ రేటింగ్ చేయిస్తారు. చాలాసార్లు డబ్బు అభ్యర్థే కట్టాలి, బాండ్ కూడా ఉండొచ్చు. అయినా ఇక్కడ సీటు ఖాయమయ్యాక డబ్బు కడుతున్నారు. సొంతంగా వెళ్తే డబ్బు కట్టాక సీటు కోసం వెతుకుతున్నారు. తేడా అంతా ఇందులోనే ఉంది.

మన హైదరాబాద్ పాతబస్తీ నుంచి పైలట్ అయిన సయ్యదా సల్వా ఫాతిమా గురించి చాలా ఇళ్లలో చెప్పుకుంటారు. బేకరీలో పనిచేసే తండ్రి కూతురు. సీపీఎల్ వచ్చాక కూడా ఆమె ప్రయాణం అక్కడితో అయిపోలేదు. మల్టీ ఇంజిన్ శిక్షణకు, టైప్ రేటింగ్‌కు మళ్లీ లక్షలు కావాల్సి వచ్చింది. అప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆర్థిక సాయం చేసింది. అంటే టైప్ రేటింగ్ అనవసరం అని ఎవరూ అనలేరు. ఏదో ఒక రోజు అది కావాల్సిందే. అడగాల్సింది "ఎప్పుడు" అని.

రేటింగ్ ఉన్నా రోడ్డున పడ్డ రోజులు

2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. దాని విమానాల్లో ఎక్కువ భాగం బోయింగ్ 737లే. వందల మంది 737 పైలట్లు ఒక్కసారిగా ఉద్యోగాల వేటలో పడ్డారు. అదే ఏడాది మార్చిలోనే 737 మ్యాక్స్ విమానాలను మన దేశంలో నిలిపేశారు. 2021 ఆగస్టు దాకా ఆ నిషేధం ఎత్తేయలేదు. మధ్యలో కరోనా వచ్చి 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశంలో మామూలు ప్రయాణికుల విమానాలే తిరగలేదు. ఆ టైంలో సొంత డబ్బుతో 737 రేటింగ్ చేసి బయటికొచ్చిన కుర్రాడి పరిస్థితి ఊహించండి.

2023 మే 3 నుంచి గో ఫస్ట్ ఆగిపోయింది. దానివన్నీ ఎ320 కుటుంబం విమానాలు. ఈసారి ఎ320 పైలట్ల వంతు.

ఇలాంటప్పుడు కంపెనీ ముందు ఇద్దరు నిలబడతారు. ఇద్దరికీ ఒకటే రేటింగ్. ఒకరికి ఆ విమానం మీద వేల గంటల అనుభవం. ఇంకొకరికి సిమ్యులేటర్ గంటలు, కాసిని ల్యాండింగ్‌లు. కంపెనీ ఎవరిని తీసుకుంటుందో చెప్పాల్సిన పని లేదు.

"పైలట్ల కొరత" అని టీవీల్లో వస్తోంది కదా?

నిజమే, వస్తోంది. పైలట్ల విశ్రాంతిని పెంచే కొత్త నిబంధనల రెండో దశ 2025 నవంబర్ 1న మొదలైంది. డిసెంబర్ మొదట్లో ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసింది. అది చూసి చాలామంది తల్లిదండ్రులు "ఇంకేం, మనవాడికి ఉద్యోగం రెడీ" అనుకున్నారు. కానీ కెప్టెన్ కావాలంటే ఏటీపీఎల్ అనే పై లైసెన్స్ ఉండాలి. దానికి కనీసం 1500 గంటల అనుభవం కావాలి. కెప్టెన్ల కొరతను 200 గంటల కుర్రాడు తీర్చలేడు.

విమానాల ఆర్డర్లదీ ఇదే కథ. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలు, జూన్‌లో ఇండిగో 500 విమానాలు ఆర్డర్ ఇచ్చాయి. కన్సల్టెంట్లు చూపించే అంకెలు ఇవే. కానీ ఇండిగో ఆర్డర్ చేసిన ఆ 500 విమానాలు రావాల్సింది 2030 నుంచి 2035 మధ్య. ఆర్డర్ ఈరోజు పేపర్లో వస్తుంది, ఉద్యోగం విమానం దిగిన రోజే వస్తుంది.

ఖాళీగా కూర్చుంటే ఖర్చెంత?

ఇది నా సబ్జెక్టు, కాబట్టి లెక్క వేసి చూశాను. 20 లక్షలు 11 శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకున్నారనుకుందాం. నెల కిస్తీ దాదాపు 34 వేలు. మొత్తం కట్టేది 28 లక్షల పైమాటే. మొదటి ఏడాది ఉద్యోగం రాకపోతే, కిస్తీ వాయిదా వేసినా వడ్డీ ఒక్కటే నెలకు 18 వేల పైన పెరుగుతుంది.

వడ్డీ లోన్ వద్దనుకునే ఇళ్లలో ఈ అంకె కనిపించదు, అంతే. ప్లాటో, బంగారమో, గల్ఫ్‌లో కూడబెట్టిన జమనో పోతుంది. అమ్మేసిన ప్లాట్ మళ్లీ అదే ధరకు దొరకదు.

ఇంకో దాగిన ఖర్చు ఉంది. రేటింగ్ చేసి విమానం నడపకుండా కూర్చుంటే చెయ్యి మొద్దుబారుతుంది. మళ్లీ పనికి రావాలంటే సిమ్యులేటర్ ఎక్కి చెక్ పాసై కరెన్సీ తెచ్చుకోవాలి. దానికీ డబ్బు కట్టాలి.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

* ఈ విమానం నడిపే ఏ ఎయిర్‌లైన్ ఈ నెలలో, టైప్ రేటింగ్ ఉన్న ఫ్రెషర్లను తీసుకుంటోంది? నోటిఫికేషన్ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో చూడాలి, వాట్సాప్ ఫార్వర్డ్‌లో కాదు. "కనీసం ఇన్ని గంటల అనుభవం" అనే షరతు ఉందేమో చదవాలి.
* సెంటర్‌కు డీజీసీఏ ఆమోదం ఉందా? విదేశంలో అయితే ఆ శిక్షణను డీజీసీఏ ఒప్పుకుంటుందా?
* ఫీజులో నిజం విమానం మీద ల్యాండింగ్‌లు, పరీక్ష ఫీజు, పన్నులు కలిసి ఉన్నాయా?
* "ఉద్యోగం పక్కా" అంటే, ఆ మాట ఎయిర్‌లైన్ లెటర్‌హెడ్ మీద ఉందా? కన్సల్టెంట్ కాగితానికి విలువ లేదు.
* మానేస్తే డబ్బు ఎంత వెనక్కి ఇస్తారు? రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఆగిన రోజులు వృథా పోనక్కర్లేదు. సీపీఎల్ వాళ్లకు వచ్చే నోటిఫికేషన్లకు అప్లై చేస్తూ, రాత పరీక్షకు, సైకోమెట్రిక్ టెస్టుకు తయారవ్వొచ్చు. ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరే అవకాశం ఉంటే అర్హత తెచ్చుకుని చేరొచ్చు. గంటలు పెరుగుతాయి, జీతమూ వస్తుంది.

మొన్న ఆ పెద్దాయనకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "చాచా, డబ్బు అసలు కట్టొద్దని అనడం లేదు. ఎయిర్‌లైన్ సెలెక్షన్ లెటర్ ఇచ్చిన రోజు కట్టండి. అప్పటిదాకా ప్లాట్ జోలికి వెళ్లకండి" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ కన్సల్టెంట్ ఈ శుక్రవారం లోపు అడ్వాన్స్ కట్టమన్నాడు బేటా" అన్నారు.

అంత తొందరపెట్టేవాడికైతే అసలే కట్టొద్దని చెప్పాను.